తాడు పైకొస

ఒక రాజ్యంలో తేనె తప్ప వేరే పంట లేదు. నేలంతా రాయి. పడిన వాన పడినట్టే కిందికి జారిపోయేది. రాజ్యం అంచున మాత్రం గోడ కట్టినట్టు నిలువుగా ఒక కొండచరియ ఉండేది. ఏటా ఎండలు ముదిరే వేళకు తేనెటీగలు వచ్చి దాని మీద పట్లు పెట్టేవి. ఆ తేనె ఇచ్చి ఉప్పు, గుడ్డ, గింజలు తెచ్చుకునేవాళ్ళు. తేనె తగ్గిన ఏడు ఇళ్ళల్లో పిల్లలు అర్ధాకలితో పడుకునేవాళ్ళు.

చరియ మీది నుంచి తాడుతో దిగి తేనె కోసేవాళ్ళు కొందరు ఉండేవారు. వాళ్ళందరిలో ఒకడు మించినవాడు. చరియకు నడుమ రాయి పొట్టలా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. మిగతావాళ్ళు ఆ పొట్టకు పైనే ఆగిపోయేవాళ్ళు. అతను ఒక్కడే దాన్ని దాటి పొట్ట అడుగుకు పోయి, గాలిలో వేలాడుతూ కోసేవాడు. పెద్ద పట్లు ఉండేది అక్కడే. పూర్తిగా పండిన తేనె, ఏళ్ళ తరబడి నిల్వ ఉండే తేనె దొరికేదీ అక్కడే.

తాడు పైకొస పట్టుకోవడానికి ఆ కొండవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. భార్య తోడబుట్టినవాడే పట్టాలి. సొంత అన్నదమ్ముడైనా సరే పనికిరాడు. అన్నదమ్ముడి మనసులో ఎప్పుడైనా ఏదైనా మెదలొచ్చు. అక్క పసుపుకుంకుమలు తన అరచేతిలో ఉన్నాయని తెలిసినవాడు మాత్రం తాడు వదలడు. ఇంతకన్నా గట్టి ముడి వాళ్ళకు దొరకలేదు. నన్నడిగితే ఎక్కడా దొరకదనే అంటాను.

మన తేనెవాడికి తాడు పట్టేది అతని బావమరిది. పొట్టివాడు, నెమ్మదస్తుడు, పదిమందిలో ఉంటే ఉన్నాడని కూడా తెలియదు. చరియ ఒడ్డున ఒక రాయికి మడమలు తన్నిపెట్టి కూర్చునేవాడు. తాడును నడుముకు ఒక చుట్టు తిప్పి రెండు చేతులా పట్టుకుని, గొంతులోనే ఏదో కూనిరాగం తీస్తూ ఉండేవాడు. కింద జరిగేది అతనికి కనపడేది కాదు. తాడు బరువే అతనికి అన్నీ చెప్పేది. కిందివాడు చెయ్యి చాచబోతున్నాడంటే కొంచెం వదిలేవాడు. ఈగలు తిరగబడితే, కేక వినపడకముందే లాగేవాడు.

ఇదంతా తేనెవాడికి తెలియదు. తెలియాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. నడిచేవాడు కాలికింద నేల ఉందని ఎంత తలుచుకుంటాడో, పైన బావమరిది ఉన్నాడని అతనూ అంతే తలుచుకునేవాడు.

ఒక ఏడు తేనె విరగకాసింది. రాజు సంతోషపడి తేనె కోసేవాళ్ళను కోట ముంగిలికి పిలిపించాడు. చెడ్డ రాజేం కాడు. మంచి పనివాణ్ణి చూస్తే ముచ్చటపడేవాడు, ముచ్చటపడితే చేతికి ఎముక లేనట్టు ఇచ్చేవాడు. ఎండగా ఉంది. అతని వెనక గొడుగు పట్టేవాడు నిలబడి ఉన్నాడు. రాజు ఎటు కదిలితే తెల్ల గొడుగు నీడ అటు కదిలింది. ఆ గొడుగు చాటున ఉన్న ముఖాన్ని కొలువులో ఎవరూ పట్టించుకున్నది లేదు.

రాజు ఒక కుండలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. కళ్ళు మూసి తెరిచాడు.

“ఈ తేనె కోసింది ఎవరు?”

“నేనే దొరా,” అన్నాడు తేనెవాడు.

అతను అబద్ధం చెప్పలేదు. కోసింది అతనే. వెనకాల బావమరిది భుజం మీది కుండ దించి, తలవంచుకుని తన కాలివేళ్ళను చూసుకుంటూ నిలబడ్డాడు.

రాజు తేనెవాడి చేతికి బంగారు కడియం తొడిగాడు. కోట పక్కన ఇల్లు ఇచ్చాడు. అప్పుడు మంత్రి ముందుకొచ్చాడు. తెలివైనవాడు, ముందుచూపు ఉన్నవాడు.

“ప్రభూ, ఇలాంటివాడు మళ్ళీ పుట్టడు. ఇతన్ని కళ్ళల్లో పెట్టుకుని కాపాడుకోవాలి. కానీ ఇతని ప్రాణం ఎక్కడుందో చూశారా? ఒక మనిషి చేతుల్లో. మనిషన్నాక తుమ్ముతాడు, కునుకు తీస్తాడు. చరియ మీద ఇనుప గుంజ పాతిద్దాం. గుంజకు తుమ్ము రాదు.”

అందరికీ నిజమే అనిపించింది. తేనెవాడికీ అనిపించింది. బావమరిదికి కూడా అన్యాయం చెయ్యలేదు. తేనె కొట్టులో కుండలు తుడిచే పని ఇచ్చారు. నీడపట్టున కూర్చుని చేసుకునే పని.

ఆ రోజు ఇంటికి వెళ్ళాక భార్య కడియం చూసింది, అటూ ఇటూ తిప్పింది. తరవాత అడిగింది.

“మా తమ్ముడు లేకుండా దిగుతావా?”

“ఇనుప గుంజ పాతుతున్నారు. నీ తమ్ముడి కన్నా గట్టిదే.”

“గట్టిదే కావచ్చు. దానికి అక్క ఉందా?”

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. పొయ్యిలో పుల్ల ఎగదోసి అన్నం వార్చడానికి లేచింది.

మరుసటి ఏడు ఎండల నాటికి చరియ అంచున ఇనుప గుంజ లేచింది. బావమరిది మడమలు తన్నే రాయిని చెక్కేసి, ఆ చోటనే సీసం పోసి బిగించారు. సముద్రం అవతలి నుంచి కొత్త తాడు తెప్పించారు. ఏనుగును కట్టినా తెగదట. తేనెవాడి నడుముకు ఒక సన్నని దారం కట్టి, దాని పైకొసకు గంట తగిలించారు. దారం లాగితే గంట మోగుతుంది, మోగగానే భటులు పైకి లాగుతారు. ఏర్పాటులో వేలు పెట్టి చూపించడానికి ఏ తప్పూ లేదు.

తేనెవాడు దిగాడు. రాతిపొట్ట వరకూ ఎప్పటిలాగే దిగాడు. అక్కడ కాలు ఆగిపోయింది.

ఏమిటో అతనికి అర్థం కాలేదు. తాడు గట్టిగానే ఉంది. ఈగలను తోలే పొగ మామూలుగానే లేస్తోంది. ఒళ్ళు బయటికి వేసి పొట్ట కిందికి ఊగాలి, అంతే. ఎన్నోసార్లు చేసిన పనే. కానీ చేతులు రాయిని వదల్లేదు. తాడు కర్రలా బిగుసుకుని ఉంది. దాని పైకొసన ఎవరూ లేరు. ఆ సంగతి అతని తలకు తట్టకముందే ఒంటికి తెలిసిపోయింది. పొట్టకు పైన దొరికిన చిన్న పట్లు నాలుగు కోసుకుని పైకి వచ్చేశాడు.

“ఈ ఏడు ఈగలు కోపంగా ఉన్నాయి,” అన్నాడు అందరితో. అందరూ నమ్మారు.

ఆ తరవాత ఏడు కూడా ఈగలు కోపంగానే ఉన్నాయి. రాజు విసుక్కోలేదు. రెండో కడియం తొడిగాడు. ఇల్లు చాలదేమోనని ఇంకో ఇల్లు కట్టించాడు. ఇచ్చినకొద్దీ తేనెవాడు కుంగిపోయాడు. తన విద్య తనను వదిలి వెళ్ళిపోయిందనుకున్నాడు. అది ఎవరికైనా తెలిస్తే ఏమవుతుందోనని భయపడ్డాడు. అందుకని కుండలు నింపే దారి వెతుక్కున్నాడు. పండని పట్లు కోశాడు, పిల్లపురుగులతో సహా పిండాడు. కుండలు నిండుగా కోటకు చేరేవి. నెల తిరక్కుండా పులిసిపోయేవి. ఉప్పు తెచ్చేవాళ్ళు వాసన చూసి, ముఖం తిప్పుకుని, కుండలు వెనక్కి పంపడం మొదలుపెట్టారు.

మిగతా కొండవాళ్ళ తాళ్ళు కూడా అప్పటికి గుంజలకే కట్టారు. వాళ్ళు ఇదివరకు దిగినంత కూడా దిగడం మానేశారు. ఎవరూ ఎవరితోనూ పైకి అనలేదు. ఎవరికి వారు తమకే వయసు మీదపడిందనుకున్నారు.

మంత్రి చేతులు కట్టుకుని కూర్చోలేదు. “మనవాళ్ళలో చేవ అయిపోయింది ప్రభూ. చేవ ఉన్నవాణ్ణి తెద్దాం,” అని పొరుగు కొండల్లో వెతికించి ఒక మొనగాణ్ణి తెచ్చాడు. నిండు వయసు, ఉక్కులాంటి ఒళ్ళు. నవ్వుతూ మాట్లాడేవాడు. వచ్చిన రోజే చరియ అంచున తిరిగి చూసి, తేనెవాడి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

“అన్నా, ఆ పొట్ట కింద ఏముంది?”

చెప్పాల్సిన మాట తేనెవాడికి తెలుసు. పైకొసన చెయ్యి లేకుండా అక్కడికి పోవద్దు తమ్ముడూ అనాలి. అది చెబితే తను ఎందుకు పోవడం లేదో కూడా చెప్పాలి. కడియాలున్న చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చున్నాడు.

“పెద్ద పట్లున్నాయి,” అన్నాడు చివరికి.

మొనగాడు మర్నాడు దిగాడు. పొట్ట దాటాడు. ఒడ్డున జనం చప్పట్లు కొట్టారు. దాటాక అతను ఎవరికీ కనపడలేదు. ఎంతసేపటికీ గంట మోగలేదు. పని నడుస్తోందనుకున్నారు. పొద్దు వాలుతుండగా అనుమానం వచ్చి భటులు తాడు లాగారు. అతను వచ్చాడు. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. ఒంటి మీద వేలు పెట్టే చోటు లేకుండా ఈగలు కుట్టాయి. కళ్ళు కాపాడుకుంటున్నవాడు దారం ఎలా లాగుతాడు?

తాడు మీద ఒక్క పోగు కూడా లేవలేదు.

కొలువులో విచారణ జరిగింది. రాజు ముఖం నల్లబడి ఉంది. “తాడు తెగలేదు. గంట చెడలేదు. భటులు నిద్రపోలేదు. ఎవరి తప్పూ లేకుండా మనిషి ఎలా చచ్చిపోయాడు?” అని అడిగాడు.

తేనెవాడు లేచాడు. కడియాలు రెండూ తీసి కింద పెట్టాడు.

“దొరా, ఆ పొట్ట కిందికి నేను గుంజ పాతిన నాటి నుంచి ఒక్కసారి కూడా దిగలేదు. దిగలేక దిగలేదు. అతను నన్ను అడిగితే అది చెప్పలేదు. చెప్పుంటే బతికేవాడు.”

కడియాలను రాజు వైపు జరిపి మళ్ళీ అన్నాడు.

“ఆ ఏడు మీరు తేనె కోసింది ఎవరని అడిగారు. నేనని చెప్పాను. తాడు పట్టింది ఎవరని మీరు అడగలేదు. నేనూ చెప్పలేదు.”

రాజు చాలాసేపు కడియాల వంక చూశాడు. మంత్రి మెల్లిగా, “నేను ఇతన్ని కాపాడదామనుకున్నాను,” అన్నాడు. అది నిజమే. మంత్రి కళ్ళల్లో నీళ్ళు కూడా నిజమే.

“వెళ్ళి మీ బావమరిదిని పిలుచుకో,” అన్నాడు రాజు.

బావమరిది కొట్టులోనే ఉన్నాడు. పులిసిన కుండల మధ్య కూర్చుని గుడ్డతో తుడుస్తున్నాడు. బావ వచ్చి గుమ్మంలో నిలబడితే తల ఎత్తి చూసి, మళ్ళీ తుడుచుకోసాగాడు.

“తాడు పట్టాలిరా,” అన్నాడు తేనెవాడు.

బావమరిది గుడ్డ పక్కన పెట్టి అరచేతులు చాపాడు. “చూడు బావా. ముట్టుకుని చూడు.”

తేనెవాడు ముట్టుకున్నాడు. ఒకప్పుడు చెప్పు అట్టలా ఉండే అరచేతులు మెత్తగా ఉన్నాయి. కాయలన్నీ రాలిపోయాయి.

“ఈ చేతులతో నిన్ను పట్టలేను. నువ్వు పొట్ట దాటి ఊగితే తోలు ఊడి వచ్చేస్తుంది. అప్పుడు మా అక్క ముఖం చూడగలనా?”

విద్య పోయిందని తేనెవాడు ఇన్నాళ్ళూ తన కోసమే ఏడ్చాడు. అది ఈ చేతుల్లోంచి కూడా పోతోందని ఒక్కనాడూ అనుకోలేదు.

“ఇంకొకటి చెప్పనా బావా,” అన్నాడు బావమరిది, కుండల వైపు చూస్తూ. “ఆ రోజు కోటలో నేనే అన్నావు. నాకు కోపం రాలేదు. కోసింది నువ్వే కదా. దారిలో ఇద్దరమే నడిచి వచ్చాం. అక్కడైనా ఒక్క మాట అంటావనుకున్నాను.”

తేనెవాడు గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. సిగ్గుపడకుండా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బావమరిది ఓదార్చలేదు. పక్కకు వచ్చి కూర్చుని, అతని భుజానికి తన భుజం ఆనించి ఉన్నాడు.

వాళ్ళిద్దరూ మళ్ళీ ఓనమాల నుంచి మొదలుపెట్టారు. బావమరిది చెయ్యి ఎంత ఓర్చితే తేనెవాడు అంతే దిగేవాడు. మొదట్లో అది ఒక మనిషి నిలువు కూడా లేదు. అరచేతులు బొబ్బలెక్కాయి, చితికాయి, ఎండాయి, మళ్ళీ చితికాయి. అక్క సాయంత్రాలు పసుపు నూరి ఆ చేతులకు పట్టించేది. ఆ ఏడు ఆ జంట కోటకు పంపిన తేనె ఏమంత లేదు.

మంత్రికి కాలు నిలవలేదు. “ప్రభూ, వానలు దగ్గరపడుతున్నాయి. కొట్టులో గింజలు తగ్గుతున్నాయి. ఇంకా ఎన్నాళ్ళు?”

“కాయలు కట్టేదాకా,” అన్నాడు రాజు. తన సొంత గాదె తెరిపించి ఊళ్ళకు గింజలు పంచాడు. మిగతా తేనె కోసేవాళ్ళ బావమరుదులను కూడా వెనక్కి పిలిపించాడు. కోటలో భోజనం పలచబడింది. రాజు విస్తరిలో కూడా పలచబడింది.

ఒకనాడు బావమరిది తన అరచేతిని రాతికి రుద్ది చూసుకున్నాడు. బావ వంక చూసి తలూపాడు.

ఈ కబురు విని రాజు తనే చరియ దగ్గరికి వచ్చాడు. ఇన్నేళ్ళుగా తేనె తిన్నాడు తప్ప అది ఉండే చోటు ఎప్పుడూ చూడలేదు. మంత్రి వచ్చాడు. గొడుగు పట్టేవాడు సరేసరి, రాజు వెనకే ఉన్నాడు. బావమరిది కూర్చోబోయి మడమలు తన్నే రాయి కోసం వెతికాడు. అది ఎప్పుడో చెక్కేశారు. దాని చోట ఇనుప గుంజ ఉంది. ఒక్క క్షణం ఆలోచించి మడమలు ఆ గుంజకే తన్నిపెట్టాడు. బాగానే ఆనింది. తాడు నడుముకు తిప్పుకుని కూనిరాగం అందుకున్నాడు.

తేనెవాడు దిగాడు. రాతిపొట్ట దగ్గర అరచెయ్యి రాతికి ఆనించి ఆగాడు. భయం పోలేదు. కానీ తాడు కర్రలా లేదు. దానిలో ఏదో సన్నగా కదులుతోంది. అతను రాయిని వదిలి గాలిలోకి ఊగాడు.

పొట్ట అడుగున పట్లు అలాగే ఉన్నాయి. ఇన్నేళ్ళూ ముట్టినవాడు లేక ఒక్కొక్కటి తలుపంత పెరిగింది. పచ్చి ఆకుల పొగ పట్టాడు. ఈగలు లేచి తెరలా పక్కకు జరిగాయి. అతను వెదురు బద్ద చాపి అంచున కోశాడు. తేనె బరువుగా, ముదురుగా బుట్టలోకి జారింది. అతనికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అప్పుడు పైనుంచి తెల్లగా ఏదో పడింది. గిరగిరా తిరుగుతూ, గాలికి తేలుతూ, అతని పక్క నుంచి కిందికి పోయి లోయలో ఒక చెట్టు తలకు చిక్కుకుంది. రాజుగారి గొడుగు.

అతను తల ఎత్తాడు. ఒడ్డున నిలబడి చూస్తే ఈ పొట్ట అడుగు ఎవరికీ కనపడదు. కానీ అక్కడ రాజు ముఖం కనపడింది. తలపాగా లేదు. నడుము దాకా ఒళ్ళంతా బయటికి వాల్చి, చేతులు రెండూ గాలిలో చాచి, కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు.

“కనపడుతోంది!” అని అరిచాడు రాజు. “ఇంత పెద్దవా! నాకన్నీ కనపడుతున్నాయి!”

తేనెవాడు బతుకంతా తాడుకు వేలాడినవాడు. తన కాళ్ళ బలంతో ఎవరూ అంత దూరం వంగలేరని అతనికి తెలుసు.

“దొరా, మిమ్మల్ని ఎవరు పట్టుకున్నారు?”

“నన్నా? నన్నెవరూ పట్టుకోలేదు,” అన్నాడు రాజు. “నేనే వంగాను.”

తేనెవాడు లోయలోకి, చెట్టు మీది తెల్ల గొడుగు వైపు చూశాడు. అతని చూపు వెంట రాజు చూపు కూడా దిగింది. గొడుగు మీద ఆగింది. తరవాత రాజు మెల్లగా తన నడుము వైపు తల తిప్పాడు. ఆ ముఖం ఒడ్డు మీది నుంచి వెనక్కి వెళ్ళిపోయింది.

గొడుగు ఏమైందని ఎవరూ అడగలేదు. తాడు మాత్రం, అతను అడక్కుండానే, జానెడు కిందికి వచ్చింది. తరవాతి పట్టు అందడానికి అతనికి కావలసింది ఆ జానెడే.